జపాన్ వేలాడే పటం: చేతి పనా, యంత్రమా, ఫ్రేమా?

కుంచెతో రాసిన అక్షరాన్నో, సిరాతో వేసిన వెదురు బొమ్మనో వేలాడే పటంగా కట్టించుకోవాలనుకునేవారు దాదాపు అందరూ మొదట చూసేది జరీ గుడ్డనే. దుకాణంవారు కూడా గుడ్డ ముక్కల పుస్తకాన్నే ముందు పెడతారు. ఏ రంగు, ఎంత అంచు, కింద గుబ్బలు చెక్కవా పింగాణీవా అన్న ముచ్చట్లతో గంట గడిచిపోతుంది. వెనక ఏ జిగురు పూస్తారని అడిగేవారు అరుదు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే. నీళ్లు తగిలితే విడిపోయే జిగురా, జన్మలో విడిపోనిదా అన్నది తేలితే మిగతా ఎంపికలు వాటంతట అవే దారికి వస్తాయి.

జపాన్‌లో ఈ పటాన్ని కకెజికు అంటారు. దాన్ని కట్టే విద్య హ్యోగు, కట్టేవారు హ్యోగుషి. బౌద్ధ చిత్రాలతో పాటు చైనా నుంచి వచ్చిన ఈ విద్య క్యోటోలో బాగా వేళ్లూనుకుంది. క్యోటో హ్యోగును జపాన్ ప్రభుత్వం 1997లో సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. పటం మధ్యలో ఉండే అసలు రాత పలచని కాగితం మీదో, పట్టు మీదో ఉంటుంది. సిరా తడికి ఆ కాగితం ముడతలు పడుతుంది. వెనక నుంచి పలచని కాగితాలు ఒకదాని మీద ఒకటి అతికి ఆ ముడతలు తీస్తారు. జాకెట్టుకు లైనింగు వేసినట్టు అనుకోండి. తర్వాత చుట్టూ పట్టు చేర్చి, పైన సన్నని బద్ద, కింద గుండ్రటి కర్ర పెడతారు. ముందు కనిపించే పట్టు అలంకారం. పటం తిన్నగా వేలాడటం, చుట్టినప్పుడు మెత్తగా చుట్టుకోవడం, వందేళ్ల తర్వాత విప్పి మళ్లీ కట్టడానికి వీలుండటం, ఇవన్నీ కనిపించని వెనక పొరల చలవ.

ముందు, పటమే కావాలా అన్నది తేల్చుకోండి

ఏడాది పొడవునా ఒకే గోడ మీద ఉండాలనుకుంటే పటం వద్దు, ఫ్రేము కట్టించండి. కకెజికు అలా ఉండటానికి పుట్టినది కాదు. జపాన్ ఇళ్లలో తొకొనొమ అనే గూడులాంటి చోట దాన్ని ఒక రుతువుకో, ఒక అతిథికో, ఒక పండుగకో వేలాడదీస్తారు. ఆ తర్వాత చుట్టి పౌలోనియా చెక్క పెట్టెలో పెట్టేస్తారు. వెలుగుకు పట్టు వెలుస్తుంది, సన్నని కాగితం పొరలు తేమకు సాగుతూ, పొడిగాలికి ముడుచుకుంటూ అలసిపోతాయి. చుట్టి ఉంచడమే దానికి విశ్రాంతి. పైగా మన ఇళ్లలో సీలింగు ఫ్యాను ఒకటి ఉంటుంది. పటం రోజంతా గోడకు టపటపా కొట్టుకుంటుంటే ముందు పోయేది కింది కర్ర దగ్గర అతుకు. ఈ బాధ జపాన్‌వారికీ ఉంది కాబట్టే ఫూచిన్ అనే చిన్న బరువులను కింది గుబ్బలకు తగిలిస్తారు. అవి చిరుగాలికి పనికొస్తాయేమో గాని, అయిదో నంబరు మీద తిరిగే ఫ్యానుకు ఆనవు.

రంగు మందంగా ఉన్నా ఫ్రేమే మంచిది. ఖనిజాల పొడితో దట్టంగా పూసిన జపాన్ రంగులు, యాక్రిలిక్, బంగారు రేకు మందంగా అతికిన బొమ్మలు చుట్టిన ప్రతిసారీ సన్నగా పగులుతాయి. మందమైన వాటర్‌కలర్ కాగితం అసలు చుట్టుకోదు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు ఆనకుండా మధ్యలో అట్ట అంచో, చిన్న బద్దలో పెట్టమని చెప్పండి. తేమ కాలంలో అద్దానికి అంటుకున్న కాగితాన్ని విడదీయడం ఎవరికీ చేతకాదు.

పటం అందమూ కావాలి, జిగురు జోలికీ వెళ్లొద్దనుకునేవారికి మరో దారి ఉంది. జపాన్‌లో షికిషి అనే గట్టి అట్టకాగితం దొరుకుతుంది, కొలత సుమారు 24 × 27 సెంటీమీటర్లు. రాత, బొమ్మ నేరుగా దాని మీదే వేస్తారు. దాన్ని తగిలించడానికి షికిషి-కకె అనే తయారు పటాలు ఉంటాయి. నాలుగు మూలల్లో చిన్న పట్టీలలోకి అట్టను దోపితే చాలు. రుతువు మారినప్పుడు అట్ట మార్చుకోవచ్చు. 6 × 36 సెంటీమీటర్ల సన్నటి తన్‌జకు చీటీలకూ ఇలాంటివే ఉన్నాయి. కుంచె ఇప్పుడిప్పుడే పట్టినవారు, బహుమతిగా ఇవ్వాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. ఈ దారిని చిన్నచూపు చూసేవారుంటారు, పట్టించుకోకండి. బొమ్మకు ఏ హానీ చేయని కట్టుడు ఇదొక్కటే.

గంజితో, చేతితో

చేతి పనిలో జిగురంటే గోధుమ గంజే. గోధుమలోని జిగట పదార్థాన్ని కడిగేయగా మిగిలిన తెల్లని పిండిని నీళ్లలో ఉడికిస్తారు. చల్లారాక జల్లెడలో రెండు మూడుసార్లు వత్తి, పనిని బట్టి పలచన చేస్తారు. మొదటి లైనింగుకు తాజా గంజి వాడతారు, ఎందుకంటే అది రాతను గట్టిగా పట్టుకోవాలి. లోపలి పొరలకు మాత్రం ఫురునొరి అనే పాత గంజి వాడతారు. ఏడాదిలో అతి చలి రోజుల్లో గంజి వండి, జాడీల్లో పోసి, చల్లని చోట దాదాపు పదేళ్లు దాస్తారు. ఏటా మూత తీసి, పైన పట్టిన బూజు తీసేసి, నీళ్లు మారుస్తారు. పదేళ్లకు దాని అతుకుడు బలం చాలా భాగం పోతుంది.

అతుక్కోని జిగురు కోసం పదేళ్లు ఆగడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. బలమైన జిగురు పొరలను అట్టలా బిగుసుకునేలా చేస్తుంది, పటం మాత్రం వందల సార్లు చుట్టుకోవాలి, విచ్చుకోవాలి. అందుకే జిగురు బలహీనంగా ఉండాలి. ఆ లోటును పని తీరుతో పూడుస్తారు. ఉచిబకె అనే బరువైన బ్రష్‌తో తడి కాగితం వెనక ఒక లయలో కొడుతూ పోతారు. ఆ దెబ్బలకు రెండు కాగితాల పీచులు ఒకదానిలో ఒకటి దిగబడతాయి. అంటే పొరలను కలిపి ఉంచే పనిలో జిగురుకు పీచులు తోడు వస్తాయి. యంత్రం చేయలేనిది ఏమైనా ఉందంటే ఈ పొర మెత్తదనమే.

కాగితాలు కూడా ఏవి పడితే అవి కావు. రాతను తాకే మొదటి పొరకు గిఫు ప్రాంతంలోని మినో కాగితం వాడతారు. పలచన, కాని గట్టిది. మినోలో చేతితో తయారయ్యే హోన్-మినోషి, మరో రెండు ఊళ్ల కాగితాలతో కలిసి 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోపలి పొరకు నారా ప్రాంతపు యోషినోలో తయారయ్యే మిసు కాగితం. తయారీలోనే అందులో గవ్వల పొడి కలుపుతారు, దానితో కాగితం మెత్తబడుతుంది. చివరి పొరకు ఉద కాగితం. అదీ యోషినోదే, అందులో తెల్ల మట్టి ఉంటుంది. చుట్టినప్పుడు పటం ముందు భాగానికి తగిలేది ఈ వెనక పొరే కాబట్టి అది నున్నగా ఉండాలి. పని పూర్తయ్యాక దాని మీద కొద్దిగా మైనం రాసి పూసల దండతో రుద్ది ఇంకా నునుపు తెస్తారు.

ఇక ఆరబెట్టడం. కట్టె చట్రం మీద కాగితం పొరలు వేసి, పెర్సిమన్ కాయల పులియబెట్టిన రసం పూసిన బోర్డు ఒకటుంటుంది, పేరు కరిబరి. బీడీ ఆకు ఇచ్చే మన తునికి చెట్టూ పెర్సిమన్ కుటుంబానిదే. ఆ రసం వల్ల బోర్డు నీళ్లకు చెడదు, అయినా కాస్త గాలి ఆడుతుంది. తడి పటాన్ని అంచులకు మాత్రమే జిగురు రాసి ఈ బోర్డుకు అతికిస్తారు. ఆరేకొద్దీ అది డప్పు చర్మంలా బిగుస్తుంది. ఒకసారి ముఖం బయటికి, మరోసారి వెనకభాగం బయటికి పెట్టి ఆరబెడతారు. మంచి పనివారు దాన్ని వారాలు, వీలైతే నెలలు అలా వదిలేస్తారు. తేమ రోజులు, పొడి రోజులు బోర్డు మీదే చూసిన పటం గోడ మీద వంకర తిరగదు. చేతి పనికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టేది ఇందుకే. మూడు రోజుల్లో ఇస్తామని, అయినా పూర్తిగా పాత పద్ధతేనని ఎవరైనా అంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

దేనికి ఇంత? మళ్లీ దొరకని దేనికైనా. గురువు రాసి ఇచ్చిన అక్షరం, ఇంటి పెద్దల చేతిరాత, డబ్బు పెట్టి కొన్న మంచి బొమ్మ. గంజి పటాన్ని తడిపి, పొరలు ఒలిచి, కొత్త పొరలతో మళ్లీ కట్టవచ్చు. వందేళ్లకు ఒకసారి అలా కట్టడం జపాన్‌లో ఆనవాయితీ లాంటిది. మన చేతికి వచ్చిన పాత పటం మూడు నాలుగుసార్లు అలా పునర్జన్మ ఎత్తి ఉండవచ్చు. ప్రపంచంలోని పెద్ద సంగ్రహాలయాలు కూడా ఇదే దారి పట్టాయి. వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో తూర్పు ఆసియా చిత్రాల మరమ్మతు విభాగం 1932 నుంచి ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి మరమ్మతులకే హిరయామ స్టూడియో 1994లో మొదలైంది. కొత్త రసాయన జిగురులు ఎన్నో చూసిన ఈ చోట్ల కూడా ఈ బల్లల మీద ఇంకా ఉడికేది గోధుమ గంజే.

ఖర్చు యంత్రం పనికి అనేక రెట్లు. భారతదేశం నుంచి చేయించాలంటే పటాన్ని పంపకండి, అతికించని వట్టి కాగితాన్ని వెడల్పాటి గొట్టంలో వదులుగా చుట్టి పంపండి. పంపేది తేలిక, విరిగేది ఏమీ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెతో సహా వస్తుంది. సుంకం అప్పుడే లెక్క వేసుకోండి.

పట్టు విషయం ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. రాతకు పైనా కిందా ఇచిమోంజి అనే సన్నని పట్టీలు వస్తాయి. పటం మొత్తంలో ఖరీదైన బంగారు జరీ అక్కడే వాడతారు. దాని చుట్టూ నడిమి పట్టు, ఆ పైన ఆకాశం, కింద భూమి అనే సాదా భాగాలు. ఆకాశం భూమికి దాదాపు రెట్టింపు పొడవు ఉంటుంది. కట్టుబడిలో షిన్, గ్యో, సో అని మూడు మెట్లు. బుద్ధుడి బొమ్మలకు షిన్, మామూలు రాతలకూ బొమ్మలకూ గ్యో, తేనీటి గదికి పక్క అంచులు బాగా సన్నగా ఉండే సో. మీ అమ్మాయి రాసిన పువ్వు పద్యానికి బుద్ధుడి పటానికి కట్టినంత జరీ కట్టించకండి. సాదా గుడ్డ మీద సిరా నిలబడుతుంది, జరీ పక్కన నలుపు వెలవెలబోతుంది.

యంత్రానికి ఎప్పుడు ఇవ్వవచ్చు

యంత్రం పనిలో రాతకూ లైనింగు కాగితానికీ మధ్య వేడికి కరిగే సన్నని జిగురు పొర పెట్టి వేడి పలకల మధ్య ఒత్తుతారు. తడి లేదు, ముడత లేదు, ఆరే దాకా ఆగే పని లేదు. ముందు నుంచి చూస్తే కొత్తలో చేతి పనికీ దీనికీ తేడా పట్టడం కష్టం. వెనక్కి తిప్పి వేలితో తడిమితే తెలుస్తుంది. యంత్రం పటం వెనకభాగం అంతా ఒకే తీరుగా, కాస్త ప్లాస్టిక్ బిగువుతో ఉంటుంది. చుట్టితే స్ప్రింగులా విచ్చుకోవాలని చూస్తుంది. చేతి పటం చేతిలో గుడ్డలా వాలిపోతుంది.

దీన్ని తిట్టేవారితో నేను చేరను. జపాన్‌లో కుంచె రాత నేర్చుకునేవారు ప్రదర్శనకు పెట్టే కాగితాలు ఏటా గుట్టలు గుట్టలుగా ఉంటాయి. వారం రోజుల ప్రదర్శన తర్వాత అటక ఎక్కే వాటికి నెలల చేతి పని ఎందుకు? ఇంకొన్నిటికి యంత్రమే మేలు కూడా. ఇంక్‌జెట్ ప్రింటు మీద నీళ్లు పడితే చాలా రకాల రంగులు కరిగిపోతాయి. సీసాలో వచ్చే సిరాతో నిన్ననే రాసిన అక్షరం తడి లైనింగు కింద పాకిపోయే ప్రమాదం ఉంది. సిరా కడ్డీని రాతి మీద అరగదీసి రాసినదైతే, బాగా ఆరాక, నీళ్లను చాలా వరకు తట్టుకుంటుంది. మీది ఏ రకమో తెలియకపోతే ఎవరికీ కనిపించని మూలలో ఒక చుక్క మీద తడి దూది ఆనించి, పైన తెల్ల కాగితం అద్ది చూడండి. మరక వస్తే గంజి పనివారికి ముందే చెప్పాలి, లేదా యంత్రానికి ఇవ్వాలి. రాసినవారు తమ గుర్తుగా వేసే ఎర్ర ముద్ర విషయంలో మాత్రం రెండు చోట్లా జాగ్రత్త అవసరం. ఆ ముద్ర రంగులో నూనె ఉంటుంది, పూర్తిగా ఆరకముందే ఒత్తిడి పడితే అలుక్కుపోతుంది.

యంత్రం పని అసలు లోపం తర్వాతెప్పుడో బయటపడుతుంది. ఏళ్లు గడిచాక అక్కడక్కడా పొర వదిలి బుడగలు లేస్తే దాన్ని నీళ్లతో విప్పలేం. వేడి చేసి, ద్రావకాలు వాడి విడదీయాలి. కాగితం పీచుల్లోకి దిగిన జిగురు పూర్తిగా రాదు. అందుకే రెండోది దొరకని దాన్ని యంత్రానికి ఇవ్వకూడదు.

డబ్బు సరిపోక, మనసూ ఒప్పక మధ్యలో ఊగేవారికి నా సలహా ఇది. రాతను తాకే మొదటి లైనింగు ఒక్కటి గంజితో చేతితో వేయించండి, మిగతా పటం యంత్రం మీద కట్టించండి. ఈ పద్ధతికి అన్ని దుకాణాలూ ఒప్పుకోవు, ఒప్పుకున్నచోట నీళ్లకు విడిపోని జిగురు అసలు కాగితం దాకా చేరదు. లేదా ఆ మొదటి లైనింగు మీరే వేసుకోండి.

ఇంట్లో మొదటి లైనింగు

ఇది నేర్చుకోదగ్గ పని, కాని పటం మొత్తం కట్టడం వేరే సంగతి. పట్టుకు లైనింగు వేసి, కొలతకు కోసి, రాతకు వెంట్రుకవాసి తేడా లేకుండా చేర్చి, కర్రలు బిగించడానికి ఏళ్ల సాధన కావాలి. ఒక్క కాగితానికి వెనక ఒక్క కాగితం అతికించడం మాత్రం ఓపిక ఉన్నవారు ఎవరైనా చేయవచ్చు. అలా చదును చేసిన రాతను ఫ్రేములో పెట్టినా, పటానికి పంపినా పనికొస్తుంది.

జిగురుకు మైదా వాడొద్దు. పుస్తకాలు కుట్టేవారు, గోడ పోస్టర్లు అతికేవారు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. నోటు పుస్తకానికి అది చాలు. కాని మైదాలో జిగట మాంసకృత్తు ఉంటుంది, అది పురుగును పిలుస్తుంది, కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. చెక్క పనికి వాడే తెల్ల జిగురు ఇంకా ఘోరం, ఆరాక నీళ్లకు సరిగా విడిపోదు. మీకు కావలసింది గోధుమలోని తెల్ల పిండి మాత్రమే. మాడుగుల హల్వాకు గోధుమ పాలు తీసే పని చూసినవారికి ఇది తెలిసిన విద్యే: నానిన గోధుమలు రుబ్బి, పాలు పిండి, తేర్చితే అడుగున పేరుకునేది అదే. అయితే హల్వా పాలను పులియనిస్తారు. జిగురుకు పులియకూడదు, పైన తేరిన నీళ్లు పదేపదే మార్చాలి. అంత ఓపిక లేకపోతే శుద్ధి చేసిన గోధుమ స్టార్చి కొనండి.

ఒక పాలు పిండికి నాలుగైదు పాళ్లు నీళ్లు పోసి కాసేపు నానబెట్టి, సన్నటి సెగ మీద అరగంట పాటు కలుపుతూ ఉండాలి. తెల్లగా ఉన్నది గాజు మెరుపు తేలుతుంది. చల్లార్చి, గుడ్డలో వత్తి, లైనింగుకైతే పాలంత పలచన చేయాలి. చిక్కగా ఉంటే బాగా అతుకుతుందనిపిస్తుంది. బాగా అతుకుతుంది కూడా, రేకులా బిగుసుకుపోతుంది.

నున్నటి బల్ల మీద రాతను బోర్లా పెట్టి సన్నగా నీళ్లు చిలకరించండి. కాగితం సాగుతుంది. మధ్య నుంచి అంచులకు పొడి బ్రష్‌తో నిమిరితే ముడతలు పోతాయి. లైనింగు కాగితం నాలుగు వైపులా రెండు మూడు సెంటీమీటర్లు పెద్దదిగా ఉండాలి. జిగురు దానికే పూయండి, రాత వెనక పూయకండి. జపాన్ పద్ధతి ఇదే, సిరా పాకే ప్రమాదం తక్కువ. కర్ర మీద ఎత్తి, ఒక అంచు నుంచి వాల్చుతూ, రెండో చేత్తో బ్రష్ ఆడించుకుంటూ వెళ్లండి. తర్వాత అంచులకు మాత్రం చిక్కటి జిగురు రాసి, ఒకచోట చిన్న కాగితం ముక్క పెట్టి, బోర్డుకు అతికించండి. ఆరాక వెదురు బద్ద దూర్చి ఒలవడానికి ఆ ముక్క దగ్గరే దారి దొరుకుతుంది. కరిబరి లేనివారికి వార్నిష్ వేసిన ప్లైవుడ్ పలక చాలు.

ఫ్యాను ఆపేయండి. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ పొడిగాలికి అంచులు ముందు ఆరి, మధ్యలో తడి ఉండగానే కాగితం టప్పున చీలుతుంది. ఆ రోజుల్లో బోర్డును గది లోపలి మూలలో పెట్టి, పక్కన తడి గుడ్డ వేలాడదీస్తే నెమ్మదిగా ఆరుతుంది. కోస్తాలో వానాకాలం దీనికి తలకిందులు. మూడు రోజులైనా ఆరక గంజికి బూజు పడుతుంది. ఈ పనికి మంచి నెలలు రెండు చోట్లా నవంబరు నుంచి ఫిబ్రవరి.

చైనా పద్ధతి ఎంచుకోవలసిన చోటు

బొమ్మ చైనా షువాన్ కాగితం మీద ఉండి, కొండలూ మబ్బులూ పెద్దగా పరుచుకున్నదైతే చైనా పద్ధతిలో కట్టించడమే అందం. అక్కడ పట్టు లేత రంగులో, నేతలోనే పూలు కనిపించీ కనిపించని తీరులో ఉంటుంది. లైనింగు కూడా షువాన్ కాగితమే. ఆన్‌హుయి రాష్ట్రంలో చేసే ఈ కాగితం తయారీ 2009లో యునెస్కో జాబితాకెక్కింది. సాధారణ పద్ధతిలో గంజిని నేరుగా బొమ్మ వెనకే పూస్తారు, రంగు కదిలేలా ఉంటే లైనింగుకు పూస్తారు. తర్వాత గోడకో పలకకో అతికి ఆరబెట్టి, వెనక మైనం రాసి నున్నటి రాయితో రుద్దుతారు. సుజౌ పట్టణం ఈ పనికి పాతకాలం నుంచి పేరున్నది. చైనాలోనూ వేడి యంత్రాల వాడుక బాగా ఉంది కాబట్టి, జిగురు ప్రశ్న అక్కడా అడగాల్సిందే.

జపాన్ తుది రూపం మెత్తన, అలంకారం ఎక్కువ. చైనాది నిరాడంబరం, బొమ్మకే చోటు ఎక్కువ. మీ సొంత రాత ఏ కాగితం మీద రాశారో ఆ దేశం కట్టుబడికే ఇవ్వడం నాకు నచ్చే పద్ధతి, కాని ఇది రుచి సంగతి.

చేతికి వచ్చిన పాత పటం

తాడు తెగితే తాడు మార్పించండి. గుబ్బ ఊడితే గుబ్బ పెట్టించండి. అడ్డంగా ఒకటి రెండు మడత గీతలు పడితే వెనక నుంచి సన్నని కాగితం పట్టీలు వేయించవచ్చు. ఈ మాత్రానికే మొత్తం విప్పి కొత్త పట్టు వేయిద్దామని ఉత్సాహం చూపేవారి దగ్గర ఆగి ఆలోచించండి. మంచి పనివాడు దొరకకపోతే పాతదాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచమని మింగ్ కాలం చైనా నుంచే ఒక మాట ఉంది. పాత పట్టు, పాత పెట్టె, పెట్టె మూత మీద రాత కూడా ఆ పటం చరిత్రలో భాగమే, వాటిని పారేస్తే విలువా తగ్గుతుంది. పొరలు విడిపోతుంటే, రంగు రాలుతుంటే, పురుగు తిన్న రంధ్రాలు రాత దాకా వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. అప్పుడు గంజి పని తెలిసినవారికే ఇవ్వాలి. రంగు రాలే పటమైతే, తిరిగి కట్టాక సన్నని కర్ర మీద బిగుతుగా చుట్టకుండా, దాని మీద తొడిగే లావుపాటి కర్ర తొడుగు కూడా చేయించండి. ఫుతొమకి అని అడిగితే తెలుస్తుంది.

గంజి పటాలకు శత్రువు పుస్తకాలు తినే పురుగు. పెట్టెను గోడకు ఆనించకండి, నేల మీద పెట్టకండి. ఏటా వానలు వెళ్లాక పొడి రోజున పటాన్ని విప్పి, ఒకటి రెండు గంటలు నీడన గాలికి వేలాడదీసి, మళ్లీ చుట్టండి. కలరా ఉండలు తగలనివ్వొద్దు.

బొమ్మ గుడ్డ మీద ఉంటే

పైన చెప్పినవన్నీ కాగితానికి, పట్టు మీద సిరా పనికి. నూలు గుడ్డ మీద మట్టి పూత వేసి గీసిన బొమ్మకు కాగితం లైనింగు, గంజి రెండూ వద్దు. థంకాలు అనే టిబెట్ బౌద్ధ చిత్రాలకు చుట్టూ జరీ గుడ్డను కుట్టుతారు, జిగురు వాడరు. కుట్టు విప్పితే బొమ్మ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది.

మన చేర్యాల పటం కూడా ఈ కోవలోదే. ఖాదీ గుడ్డకు గంజి, తెల్ల సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు వేసి, దాని మీద నకాశీ చిత్రకారులు బొమ్మలు వేస్తారు. కథ చెప్పేవారు విప్పుతూ చూపడానికి చేసిన పొడవాటి చుట్టలవి. చుట్టడానికి తయారైన పూత కాబట్టి వదులుగా చుడితే తట్టుకుంటుంది, తడి తగిలితే మాత్రం సుద్ద కదులుతుంది. దానికి జపాన్ పద్ధతిలో లైనింగు వేయిస్తామనేవారు ఉంటే ఒప్పుకోకండి. పైనా కిందా గుడ్డతో ఒక గొట్టంలా కుట్టించి వెదురు కర్ర దూరిస్తే వేలాడుతుంది. ఇప్పుడు చేర్యాలలో గీసే చిన్న బొమ్మలకు ఫ్రేమే బాగుంటుంది.

దుకాణంలో అడగవలసినవి

జిగురు ఏది, మొదటి లైనింగు కాగితం ఏది, బోర్డు మీద ఎన్ని రోజులు ఉంచుతారు, పదేళ్ల తర్వాత విప్పగలరా? మొదటి ప్రశ్నకే చిరాకు పడే చోట మిగతావి అడగక్కర్లేదు. సంతోషంగా లోపలికి తీసుకెళ్లి బోర్డులు చూపించే చోట ధర కాస్త ఎక్కువైనా ఇవ్వండి. పని మొదలుపెట్టకముందు రాత ఫోటోలు వెలుగు పక్కనుంచి పడేలా తీసి పెట్టుకోండి. ముడతలు, మరకలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి, తర్వాత మాట పట్టింపులు ఉండవు.

పాత పటం కొంటున్నవారు కింది గుబ్బలు దేనివో తప్పక అడగాలి. చెక్క, లక్క, పింగాణీ, ఎముకతో పాటు ఏనుగు దంతం గుబ్బలు పాత పటాలకు మామూలే. ఏనుగు దంతం వ్యాపారం భారతదేశంలో నిషేధం, దేశాల సరిహద్దులు దాటించడానికీ అంతర్జాతీయ ఒప్పందం కింద కఠినమైన ఆంక్షలున్నాయి. పటం ఎంత మంచిదైనా విమానాశ్రయంలో ఆగిపోతుంది. అమ్మేవారినే ఆ గుబ్బలు తీసి చెక్కవో పింగాణీవో పెట్టివ్వమనండి, ఆ మార్పును రసీదులో రాయించుకోండి.